ఎనిడ్ పిల్లింగ్‌కి వేడిగా ఒకటి

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభై నిమిషాలకు ఇంగ్లండ్‌లోని క్లఫ్‌బ్రిడ్జ్ ఊళ్ళో, చాపెల్ అనే చిన్న చర్చి హాల్లో క్రంపెట్లు లేవన్న సంగతి బయటపడింది. విందు మూడున్నరకి. అది క్రంపెట్ల విందు. పులిసిన పిండిని పెనం మీద రింగుల్లో పోసి కాల్చే, పైన చిల్లులుండే మెత్తటి రొట్టెల విందు.

ముందుగా కనిపెట్టినవాడు ట్రెవర్ హోల్డెన్. వయసు అరవై ఒకటి. బస్సు నడిపి రిటైరయ్యాడు. హోమ్ వీధిలో తొమ్మిదో నంబరు ఇల్లు అతనిది. గోడ పొడుగునా వేసిన బల్లల వెంట నడుస్తూ ఏమేం వచ్చాయో చూసుకుంటున్నాడు. ఉప్పు వేసిన వెన్న నాలుగు ముద్దలు. బ్రెండా నటల్ నిమ్మరసం, గుడ్లు, చక్కెర కలిపి కాచిన లెమన్ కర్డ్ మూడు సీసాలు. డామ్సన్ పళ్ళ జామ్. తేనె రెండు రకాలు. చేత్తో నలిపితే పొడయ్యే లాంకషైర్ చీజ్. వెన్నలో పేరబెట్టిన చిన్న రొయ్యలు. నల్ల పాకం ఒక డబ్బా, పసుపు పాకం ఒక డబ్బా. ఆనిస్ టాటర్సాల్ తెచ్చిన గొడ్డు కొవ్వు ఒక గిన్నె. మూలమీద కొట్టు నడిపే నస్రీన్ చేసిన టమాటా పచ్చిమిర్చి పచ్చడి. అన్నీ కలిపి ఇరవై మూడు. పూయడానికి ఇరవై మూడు రకాలు వచ్చాయి. పూయించుకునేది ఒక్కటీ రాలేదు.

ట్రెవర్ వంటింట్లోకి వెళ్ళి చూశాడు. ఫ్రిజ్‌లో పాలున్నాయి. పొయ్యి మీద టీ నీళ్ళున్నాయి. తిరిగొచ్చి బ్రెండాని అడిగాడు, క్రంపెట్లు ఎవరు తెస్తున్నారని. జాబితా చూడమంది బ్రెండా.

ఆ ఊళ్ళో విందంటే తలా ఒకటి తెచ్చి కలిపి తినడమే. ఎవరేం తెస్తారో చాపెల్ గుమ్మం దగ్గర బోర్డు మీద కాగితంలో రాస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు అడగరు, అడిగితే మర్యాద కాదు. పదిహేనేళ్ళుగా ఆ కాగితం తయారుచేసేది బ్రెండాయే. మొదటి వరసలో 'క్రంపెట్లు' అని ఉంది. ఎదురుగా 'ఎప్పటిలాగే' అని ఉంది. కింద ఇరవై మూడు పేర్లున్నాయి.

"ఎప్పటిలాగే అంటే ఎవరు, బ్రెండా?"

బ్రెండా కాగితం చూసింది. కళ్ళద్దాలు తీసింది. "పాత కాగితం చూసి ఎత్తి రాశాను," అంది.

ఎప్పటిలాగే అంటే ఎనిడ్ పిల్లింగ్. ముప్పై నాలుగేళ్ళుగా ఊరికి క్రంపెట్లు చేసి పెట్టింది ఆమే. చాపెల్ విందైనా, బడి విందైనా, చావైనా, పెళ్ళైనా మొదటి వరసలో ఎదురుగా ఉండే మాట అదే. చదివినవాళ్ళందరూ ఆ వరస దాటి కిందికి వెళ్ళి తమ పేరు రాశారు. ట్రెవర్ కూడా దాటాడు. పసుపు పాకం ఎదురుగా ఉన్న పేరు అతనిదే.

ఈ విందు ఎనిడ్ కోసం. ఎనిడ్‌కి కృతజ్ఞత చెప్పడానికి పెట్టుకున్నది.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ మర్నాడు నది హోమ్ వీధిలోకి వచ్చింది. పద్నాలుగు కుటుంబాలు ఇదే హాల్లో పడుకున్నాయి. ఊళ్ళో నాలుగు రోజులు కరెంటు లేదు. ఎనిడ్ క్రంపెట్ల కొట్టు మెరక మీద ఉంది, అక్కడికి నీళ్ళు రాలేదు, ఆమె పెనం గ్యాసు మీద నడుస్తుంది. మొదటి రోజు పొద్దున ఏడింటికి ఆమె రెండు పళ్ళేల క్రంపెట్లు తువ్వాళ్ళు కప్పి కొండ దిగి తెచ్చింది. పదకొండు రోజులు తెచ్చింది. ఎవరైనా ఏమైనా అనబోతే, కలిపిన పిండి ఊరికే పోతుంది, తినండి అనేది. పిండి ఎవరి కోసం కలిపిందో చెప్పేది కాదు.

ట్రెవర్ తల్లి ఐవీకి అప్పుడు తొంభై ఏళ్ళు. ఆవిడని మేడమీది కిటికీలోంచి పడవలోకి దించారు. హాల్లోకి తెచ్చాక గోడకేసి తిరిగి పడుకుంది. రెండు రోజులు తినలేదు, మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఎనిడ్ ఒక క్రంపెట్ మీద పసుపు పాకం పోసి, కాగితంలో పెట్టి ఆవిడ చేతిలో పెట్టింది. ఐవీ తిన్నది. పాకం చిల్లుల్లోంచి మోచేతిదాకా కారింది. అది కూడా నాకింది. ఇంకొకటి అడిగింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది.

ఈ మాట చెప్పాలని ట్రెవర్ చాలాసార్లు ఎనిడ్ కొట్టుకి వెళ్ళాడు. వరసలో నిలబడి తన వంతు వచ్చేదాకా మాటలు కూడబలుక్కునేవాడు. వంతు వచ్చేసరికి, అర డజను ఇవ్వమనేవాడు. ఎనిడ్ అర డజను ఇచ్చేది. వాతావరణం గురించి ఒక మాట అనుకునేవాళ్ళు. అతను ఇంటికొచ్చేవాడు.

ఈ ఏడాది ఎనిడ్ బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. గరిటె నిలవడం లేదు. కిందటి శనివారం కొట్టు మూసేసింది. సోమవారం ఫ్లీట్‌వుడ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. అందుకని ట్రెవర్ చాపెల్ బోర్డు దగ్గరున్నవాళ్ళతో విందు మాట ఎత్తాడు. ఒకటే షరతు పెట్టాడు. ఆ రోజు ఎనిడ్ కుర్చీలోంచి లేవకూడదు. వేడి క్రంపెట్ ఎవరో చేసి, తెచ్చి, ఆమె ముందు పెట్టాలి. అందరూ ఒప్పుకున్నారు. ఆ ఎవరో ఎవరన్నది ఎవరూ అడగలేదు.

రేమండ్ కే అనే రిటైరైన పోస్ట్‌మ్యాన్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. నాలుగు మైళ్ళ దూరంలో సూపర్‌మార్కెట్ ఉంది, ఇరవై నిమిషాల్లో పది ప్యాకెట్లు తెస్తానన్నాడు.

"కొన్నవి తెచ్చి ఎనిడ్ ముందు నువ్వే పెట్టు," అంది బ్రెండా. "నేను ఆ టైముకి వీధిలో ఉంటాను."

రేమండ్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

ఎనిడ్‌నే అడిగితే ఆమె కొట్టు తెరిచి గంటలో చేసి తెస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

చేయడం తెలిసినవాళ్ళు ఎవరున్నారని ట్రెవర్ అడిగాడు. హాల్లో ఉన్న తొమ్మిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొండ మీద ఎనిడ్ ఉండగా ఇంట్లో చేసుకునే ఖర్మ ఎవరికీ పట్టలేదు. చివరికి ఆనిస్ టాటర్సాల్ చెయ్యెత్తింది. ఆమెకి ఎనభై ఎనిమిదేళ్ళు. తను చేయలేదు గానీ తల్లి చేస్తుంటే చూశానంది. పిండి, అంతే గోరువెచ్చని నీళ్ళు, కాసిని పాలు, ఈస్టు, ఉప్పు. పొంగనివ్వాలి. వంటసోడా మాత్రం ఆఖర్న.

"సోడా ఎంత, మిసెస్ టాటర్సాల్?"

"వేలికొసన పట్టినంత, నాయనా."

"ఎవరి వేలు?"

"మా అమ్మ వేలు. బాగా లావు."

నస్రీన్ కొట్టుకి వెళ్ళి మూడు పొట్లాల పిండి, ఈస్టు, సోడా తెచ్చింది. చంకలో ఇంట్లో రొట్టెలు కాల్చే పెనం కూడా పెట్టుకొచ్చింది. బ్రెండా ఇంటి నుంచి బిస్కట్లు కోసే రింగులు తెచ్చింది. గుండ్రటివి నాలుగు, నక్షత్రం ఒకటి. రెండుంబావుకి పిండి కలిపి, గిన్నె మీద తువ్వాలు కప్పి, రేడియేటర్ పక్కన పెట్టారు. ట్రెవర్ దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. పిండి పొంగేలోపు రేమండ్‌కీ బ్రెండాకీ వెన్న మీద తగువు వచ్చింది. వెన్న అంచుదాకా రాసి, అది చిల్లుల్లోకి దిగాక మళ్ళీ రాయాలని రేమండ్ వాదన. ఒకసారి చాలు, రెండోసారి లెమన్ కర్డ్‌కి చోటుండాలని బ్రెండా వాదన. ఈ తగువు పెళ్ళిళ్ళలో కూడా నడిచింది కాబట్టి ఎవరూ చెవిన వేసుకోలేదు.

మూడింటికి అయిదు నిమిషాలు తక్కువగా ఆనిస్ సోడా వేసింది. మూడుంబావుకి ట్రెవర్ మొదటి నాలుగూ పోశాడు. ఆ నిమిషంలోనే ఎనిడ్ వచ్చింది. మూయడానికి కొట్టు లేదు కాబట్టి పావుగంట ముందొచ్చింది. బ్రెండా ఆమెని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వంటింటికీ హాలుకీ మధ్య గోడలో వడ్డనకి ఉన్న సందు మీది చెక్క తలుపు దించేసింది.

క్రంపెట్ మీద చిల్లులు లేకపోతే క్రంపెట్ కాదు. వెన్న ఎక్కడికి పోవాలో దానికి తెలియదు. చిల్లులు పడనిదాన్ని గుడ్డిది అంటారు. మొదటి నాలుగూ గుడ్డివి. నున్నగా, తెల్లగా, మూత పెట్టినట్టు గట్టిపడ్డాయి. నస్రీన్ పెనానికి మధ్యలో గుంట ఉంది, అక్కడ పెట్టిన రింగు కిందనుంచి పిండి కారి మాడింది. రెండో వాయిలో నక్షత్రంతో కలిపి నాలుగు. అవీ గుడ్డివే.

"మా అమ్మవి ఇలా ఉండేవి కావు," అంది ఆనిస్.

ట్రెవర్ పొయ్యి ఆపాడు. వరసలో నిలబడ్డ రోజులు గుర్తు చేసుకున్నాడు. తన వంతు కోసం ఎదురుచూస్తూ అతను చూసేది ఎనిడ్ చేతుల్నే. కొత్త బకెట్ పిండి తెరిస్తే ముందు ఒక్కటే పోసేది. దాన్ని చూసేది. కెటిల్ తీసి బకెట్‌లోకి ఇన్ని నీళ్ళు పోసి కలిపేది. అప్పుడు మిగతావి పోసేది. ఆ ఒక్కటీ ఎందుకు పోసేదో ఏ రోజూ అతను అడగలేదు. ఇప్పుడు తెలిసింది. పిండి చిక్కనైతే గాలి పైకి రాదు.

కెటిల్ నీళ్ళు ఒక కప్పు పోసి కలిపాడు. ఒక్కటి పోశాడు. మూడు చిల్లులు పడ్డాయి. ఇంకో అరకప్పు పోశాడు. ఇంకొకటి పోసి నిలబడ్డాడు. అంచున ఒక బుడగ పగిలింది, దాని పక్కన ఇంకొకటి, తర్వాత మధ్యదాకా అన్నీ పగిలి అలాగే ఉండిపోయాయి. నస్రీన్ వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టింది. ఇరవై దాటాక ఆపింది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది.

ఎనిడ్ కోటు విప్పలేదు. గుమ్మంలో నిలబడి పళ్ళెంలో గుడ్డివి ఎనిమిదీ చూసింది. గిన్నె చూసింది. పెనం చూసింది. కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

"మంట ఎక్కువైంది," అంది.

"తగ్గిస్తాను."

"గరిటె ఇలా ఇవ్వు, ట్రెవర్. రెండు నిమిషాల పని."

ట్రెవర్ గరిటె వెనక్కి పట్టుకున్నాడు. ఆమె ఆ గరిటె పట్టుకుంటే విందు అయిపోయినట్టే. ఇరవై నిమిషాల్లో పళ్ళేలు నిండుతాయి, అందరూ తింటారు, బాగున్నాయంటారు, ఆమె సోమవారం వెళ్ళిపోతుంది.

"ఇవ్వను. నువ్వెళ్ళి కూర్చో."

"పాడు చేస్తున్నావయ్యా."

"పాడైతే పాడైంది. మూడో రోజు పొద్దున నువ్వు మా అమ్మ చేతిలో ఒకటి పెట్టావు. అంతకుముందు రెండు రోజులు ఆవిడ మంచినీళ్ళు ముట్టలేదు. అది చెబుదామని రెండేళ్ళు నీ కొట్టుకొచ్చాను ఎనిడ్, నా నోరు పెగల్లేదు. థాంక్స్. ఇప్పుడు నన్నీ పని చేయనీ."

ఆనిస్ సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఎనిడ్ పెనం మీదికి వంగి చూసింది.

"ఆవిడ రెండోది కూడా అడిగింది," అంది.

"అడిగింది."

"దానికి పాకం తక్కువైందని నన్ను తిట్టింది."

"ఆ సంగతి నాకు తెలీదు."

"తిట్టింది." ఎనిడ్ చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకుంది. "కూర్చుంటాను. ఆ మంట మాత్రం తగ్గించు."

వెళ్ళి కూర్చుంది. కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించింది.

మూడూ నలభైకి ట్రెవర్ ఒక పళ్ళెంలో ఒక్క క్రంపెట్ పెట్టుకుని హాల్లోకి వచ్చాడు. అప్పటికి అక్కడ నలభై మందికి పైగా ఉన్నారు. ఎనిడ్ దాన్ని తిరగేసి అడుగు చూసింది. ఒక పక్క నల్లబడింది. మళ్ళీ తిప్పి వేలితో పైన నొక్కింది. అది కుంగి, లేచింది.

"కళ్ళు తెరిచింది," అంది. ఆ మాటకి హాల్లో ఊపిరి వదిలారు.

రేమండ్ వెన్న జరిపాడు. బ్రెండా లెమన్ కర్డ్ జరిపింది. ముందు ఏదన్న తగువు మళ్ళీ లేచేలోపు నస్రీన్, ఎనిడ్ దేనితో తింటుందో అడిగితే సరిపోతుంది కదా అంది. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరికీ తోచలేదు.

"దేనితోనూ తినలేదు," అంది ఎనిడ్. "విరిగినవి తినేదాన్ని. చల్లారినవి. వేడిది తినాలంటే కూర్చోవాలి. నేను కూర్చుంటే పెనం మీదవి మాడతాయి."

రేమండ్ కత్తి తీసుకున్నాడు.

"ఏది బాగుంటుందో నాకు తెలీదు. ఆ చివర్నుంచి ఒక్కొక్కటీ తెండి. సగం సగం చేయండి, లేకపోతే చస్తాను."

రేమండ్‌ది మొదట. అంచుదాకా రాశాడు, ఆగాడు, మళ్ళీ రాశాడు. ఎనిడ్ కొరికితే వెన్న గడ్డం మీదికి వచ్చింది. పళ్ళెంలోకి కారినదాన్ని మిగిలిన ముక్కతో అద్దుకుని తిన్నది. రేమండ్ బ్రెండా వైపు చూశాడు. బ్రెండా వంతులో ఎనిడ్ కర్డ్ తిని, పులుపు బాగుంది, కానీ కింద వెన్న రెండోసారి పడితే ఇంకా బాగుండేదంది. బ్రెండా సీసా మూత బిగించుకుని వెళ్ళిపోయి, రెండు నిమిషాల తర్వాత వెన్న రాసుకుని తిరిగొచ్చింది.

ఆనిస్ తన గిన్నెలో చెంచా అడుగుదాకా దించింది. పైన తెల్లటి కొవ్వు, కింద మాంసం రసం గడ్డకట్టిన గోధుమరంగు పొర. రెండూ కలిసేలా రాసి, ఉప్పు చల్లి ఇచ్చింది. ఎనిడ్ సగం తిని, మిగతా సగం కూడా ఇలాగే తెమ్మంది.

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం, ఆనిస్?"

"నువ్వడగలేదు, తల్లీ."

ఎనిడ్ రొయ్యల్ని వేళ్ళకంటిన వెన్నతో సహా తిన్నది. ఎవరో తెచ్చిన నల్లటి ఈస్టు ముద్ద నాలిక కొసన పెట్టి, ఇది బూట్లకి వాడుకోండంది. నస్రీన్ చీజ్ పొడి మీద పచ్చడి పెట్టి ఇస్తే తిని, టీ కప్పు మొత్తం తాగి, మిరపకాయలెన్ని అని అడిగింది. ఆరని చెప్పింది నస్రీన్. నాలుగు వేసుంటే ఇంకోటి తినేదాన్నంది ఎనిడ్. రెండు నిమిషాలాగి ఇంకోటి తిన్నది.

ట్రెవర్ పెనం దగ్గరే ఉన్నాడు. సందు మీది చెక్క తలుపు పైకెత్తేశారు కాబట్టి అక్కణ్ణించి కుర్చీ కనిపిస్తోంది. తన డబ్బా వంతు వచ్చిందని బ్రెండా పిలిచింది. అతను గరిటె ఆనిస్‌కిచ్చి వెళ్ళాడు. పసుపు పాకం పోయడం మొదలుపెట్టాడు.

"తక్కువైంది," అంది ఎనిడ్.

ఇంకా పోశాడు. పాకం చిల్లులన్నిట్లోకి దిగి అడుగునుంచి పళ్ళెంలోకి వచ్చింది. ఆమె రెండు చేతులతో ఎత్తుకుంది. బొటనవేళ్ళు వంగడం లేదు కాబట్టి అరచేతుల మధ్య పట్టుకుంది. నెమ్మదిగా తిన్నది. ట్రెవర్ పక్కనే నిలబడ్డాడు. తిన్నాక ఆమె చేతులు అతని ముందు చాపింది. అతను తడిబట్ట తెచ్చి తుడిచాడు.

"మీ అమ్మ తిట్టడంలో తప్పు లేదు," అంది.

గిన్నెలు నస్రీన్, రేమండ్ కడిగారు. గుడ్డివి ఎనిమిదీ బ్రెండా పంచింది, నక్షత్రంతో సహా, ఒక్కటీ మిగల్లేదు. ఎనిడ్ మూడూ నలభై నుంచి అయిదుంబావు దాకా కుర్చీలోంచి లేవలేదు. ఇరవై మూడింటిలో పద్నాలుగు రుచి చూసింది. అయిదుంబావుకి ఇంకొకటి అడిగింది. ఈసారి సగం కాదు, మొత్తం కావాలంది, వెన్న రెండుసార్లు రాయమంది. గిన్నెలో ఇంకా మూడింటికి సరిపడా పిండి ఉంది. ట్రెవర్ పొయ్యి మళ్ళీ వెలిగించాడు.